టికెట్టు లేని ఆదివారాలు

సోమవారం మధ్యాహ్నం

కోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో నువ్వు "బాగున్నారా అత్తయ్యా" అంటావు, నేను "ఆఁ, బాగున్నాం" అంటాను, ఆ తర్వాత ఎవరు ముందు పెట్టేస్తారా అని ఇద్దరం కాచుకుని కూర్చుంటాం. పైగా నువ్వు పనిచేసే వంతెన దగ్గర సిగ్నల్ ఉండి చావదు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితం మీదయితే నన్ను మధ్యలో ఎవరూ ఆపరు.

నేనొచ్చి పదిరోజులు దాటింది. మీ ఇల్లు శుభ్రంగానే ఉంది కానీ, ఇదేం కాపురమే తల్లీ! కింద చెప్పుల షాపు, ఎదురుగా ఆఫీసు కిటికీలు, అడుగు బయట పెడితే ట్రాఫిక్కు. నా కొడుకేమో ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, వాడుండే బిల్డింగులో లిఫ్టు మాత్రం కదలదు. అడిగితే "ఇది మా కంపెనీది కాదమ్మా" అంటాడు. ఐదంతస్తులూ ఎక్కేసరికి నా మోకాళ్ళు నాతో మాట్లాడటం మానేస్తున్నాయి.

నిన్న ఆదివారం కదా అని పిల్లల్ని ఆటల సెంటరుకి తీసుకెళ్ళాడు. లోపలికి టికెట్టు. ఆడుకోవడానికి వాళ్ళు అమ్మే మేజోళ్ళే వేసుకోవాలట, దానికి వేరే. అంతా అయ్యాక, పక్కన నిలబడి చూసేవాళ్ళకి కూడా టికెట్టంది ఆ కౌంటరు పిల్ల. "చూడ్డానికి కూడానా?" అంటే నవ్వింది. చిన్నోడు కాసేపు ఎగిరి, వాంతి చేసుకున్నాడు. పెద్దది ఓ మూల కూర్చుని ఫోన్లో తల దూర్చింది. తిరిగొచ్చేటప్పుడు మీ ఆయన మొహం చూడాలి! "ఊరి నడిబొడ్డున కాపురం అమ్మా, ఇక్కడ గాలి పీల్చుకోవడం తప్ప ఏదీ ఊరికే రాదు" అన్నాడు. "అది నేను చూస్తాలే" అన్నాను.

ఉద్యోగమంతా బస్‌స్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక గడిపినదాన్ని. అడిగినవాళ్ళందరికీ దారి చెప్పాను. ఇప్పుడు అడిగే వంతు నాది.

ఇంకో మాట. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా పెద్దది స్నానం చేస్తోందని చెబుతున్నాను. చెయ్యట్లేదు. తలుపు పక్కనే నిలబడి వింటోంది. రమ్మంటే రాదు. నీ దగ్గర అబద్ధం ఆడటం నాకిష్టం లేదు, అందుకని రాశాను. బాధపడకు.

నీ ఆరు నెలల వంతెన పని అయిపోగానే నా పెట్టె సర్దుకుంటాను. మా ఊళ్ళో నా కుండీలకి కిందింటావిడ నీళ్ళు పోస్తోందో లేదో.

ఇట్లు,
అత్తయ్య

⁂

గౌరవనీయులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం సైటు ఆఫీసులో నా టేబుల్ మీద కనపడగానే పిల్లలకేమైందో అని నిలబడే కవరు చింపాను. చదివాక కుదుటపడ్డాను. స్నానం సంగతి నాకు తెలుసు అత్తయ్యా. ఏ పిల్లా రోజుకి మూడుసార్లు స్నానం చెయ్యదు. మీరు నిజం రాసినందుకు థాంక్స్.

ఇక్కడ నా పనేమిటో మీకెప్పుడూ చెప్పలేదు కదా. వంతెనకి పోసే ప్రతి కాంక్రీటులోంచీ కొంచెం తీసి, చిన్న చిన్న దిమ్మలు పోస్తాం. వాటిని నీళ్ళలో నానబెట్టి, గట్టిపడ్డాక యంత్రంలో పెట్టి పగలగొడతాం. ఎంత బరువుకి పగిలిందో రాసుకుంటాం. నా ఉద్యోగం పగలగొట్టడం. త్వరగా పగలకపోతే సంతోషం. నా కింద పనిచేసే కుర్రాళ్ళు "మేడం ఇవాళ ఏం పగలగొట్టారు" అని అడుగుతుంటారు. సాయంత్రానికి సిమెంటు దుమ్ముతో నా జుట్టు మీ జుట్టులా అవుతుంది. తప్పుగా అనుకోకండి.

మీరు ఆదివారాల గురించి రాసింది చదివి సిగ్గేసింది. పెద్దది చంకలో ఉన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఉంటున్నాం. ఆ ఊళ్ళో నాకు తెలిసిన దారులు మూడు. ఆఫీసు, స్కూలు, మార్కెట్టు. ఆదివారం వస్తే బట్టలుతికి పడుకునేవాళ్ళం. ఎక్కడికెళ్ళాలో నేనే మిమ్మల్ని అడగాలి. మీకేమన్నా తెలిస్తే నాక్కూడా చెప్పండి.

మోకాళ్ళకి మందు బీరువాలో కింది అరలో ఉంది. పెద్దదానితో ఏమీ చెప్పకండి. అడిగానని కూడా చెప్పకండి.

మీ కోడలు

⁂

గురువారం

కోడలు పిల్లకి,

ముందే చెబుతున్నాను, తిట్టకు. పిల్లల్ని కోర్టుకి తీసుకెళ్ళాను.

మేమేం నేరం చెయ్యలేదు. నిన్న వాళ్ళ స్కూల్లో ఒంటిపూట. ఇంట్లో ఉంటే ఇద్దరూ కొట్టుకు చస్తారని అలా నడిపించుకుంటూ బయల్దేరాను. సగం దారిలో వాన. పెద్ద పెద్ద స్తంభాలున్న బిల్డింగు కనపడితే దాని కింద దూరాం. గుమ్మం దగ్గర గార్డు ఉన్నాడు. అలవాటుకొద్దీ అడిగాను. "బాబూ, లోపలికి ఎవరెళ్ళొచ్చు?" అని. "బహిరంగ విచారణమ్మా, ఎవరైనా వెళ్ళి వెనక కూర్చోవచ్చు" అన్నాడు. "టికెట్టు?" అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు.

లోపల బెంచీలు, ఫ్యాన్లు, మంచినీళ్ళు. పైగా ఆటల సెంటరు కంటే పెద్ద హాలు! కేసేమిటంటే, పైఇంటి బాత్రూంలోంచి కిందింట్లోకి నీళ్ళు కారుతున్నాయట. కిందింటావిడ పరుపు తడిసి పాడైందట. పైఇంటాయన అసలు నేను స్నానమే తక్కువ చేస్తానన్నాడు. అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. అంతలో మన చిన్నోడు హాలంతా వినపడేలా "నానమ్మా, ఆ తాత అంత ఎత్తులో ఎందుకు కూర్చున్నాడు?" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. జడ్జిగారు కళ్ళద్దాలు దించి మా వైపు చూసి, "కింద కూర్చుంటే అందరూ కనపడరు నాన్నా" అని మళ్ళీ కాగితాల్లోకి వెళ్ళిపోయారు.

అసలు సంగతి ఇది. పెద్దది ఫోను బయటికి తియ్యలేదు. బెంచీ అంచున కూర్చుని ఒక్క మాట పోనివ్వకుండా వింది. ఇంటికొచ్చే దారంతా నోరు మూయలేదు. "పైపు ఎవరిదో తేలకుండా తప్పు ఎవరిదో ఎలా చెబుతారు నానమ్మా?" అని నన్నే లాయర్లా నిలదీసింది. రోడ్డు దాటేటప్పుడు ఉన్నట్టుండి, "పైఇంటాయన రిపేరు చేయించే ముందు కిందింటావిడకి ఒక్కమాట చెప్పుంటే కోర్టుదాకా వచ్చేది కాదు" అంది. "నిజమే" అన్నాను. "అమ్మ కూడా అన్నీ అయిపోయాక చెప్పింది. వెళ్ళొద్దని నేను అనేదాన్ని కాదు. నన్ను అడగలేదు, అంతే" అంది.

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదు. అది నీకు చెప్పొద్దని అనలేదు కాబట్టి నీకు రాస్తున్నాను.

వచ్చే ఒంటిపూటకి తీర్పు. చిన్నోడు కూడా వస్తానంటున్నాడు.

అత్తయ్య

⁂

ప్రియమైన అత్తయ్యా,

కోర్టుకా! మొదటి పేజీ చదివి, నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండింది. పిల్లల్ని తీసుకెళ్ళే చోటా అది? తర్వాత "స్నానమే తక్కువ చేస్తాను" దగ్గర నవ్వొచ్చేసింది. భోజనాల దగ్గర మా వాళ్ళకి చదివి వినిపించాను. ఇప్పుడు సైటంతా తీర్పు కోసం ఎదురుచూస్తోంది. క్రేను నడిపే ఆయన పైఇంటి పక్షం, మా వంటావిడ కిందింటి పక్షం. త్వరగా రాయండి, లేకపోతే ఇక్కడ గొడవలయ్యేలా ఉన్నాయి.

పెద్దది అన్న మాట మాత్రం ఎవరికీ చదవలేదు. ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. అది చెప్పింది నిజం. ఏడుస్తుందేమో అని భయపడి దాచాను. దాచేసరికి ఇంకా ఏడ్చింది. ఏం చెయ్యాలో తెలియట్లేదు.

ఆఫీసులో ఎవరో అనగా విన్నాను, మ్యూజియంలో నెలలో మొదటి ఆదివారం ఊరికే లోపలికి పంపిస్తారట. చూడండి. మీ అబ్బాయిని కూడా లాక్కెళ్ళండి. ఆదివారం దుప్పటి ముసుగు తీసి చూస్తే అందులో ఆయనే ఉంటారు.

మీ
కోడలు

⁂

ఆదివారం సాయంత్రం

ప్రియమైన అమ్మాయికి,

ముందు తీర్పు. పైపు ఇద్దరిదీ కాదట, బిల్డింగు యజమానిదట. ఇద్దరూ కలిసి ఇప్పుడు అతని మీద పడ్డారు. బయటికొచ్చేటప్పుడు మెట్ల మీద ఇద్దరూ ఒకే గొడుగులో వెళ్ళారు. మీ క్రేను ఆయనకీ వంటావిడకీ చెప్పి రాజీ చెయ్యి.

ఇక మ్యూజియం. నీ ఆఫీసువాళ్ళు విన్నది పాతకాలం మాట. ఇప్పుడు ఉచితం లేదు, ఏమీ లేదు. గేటు దగ్గర నిలబడ్డాం నలుగురం. మీ ఆయన "చెప్పానా" అన్నట్టు మొహం పెట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. గేటు మనిషిని వదల్లేదు. "మరి ఈ చుట్టుపక్కల ఊరికే వెళ్ళే చోటేదన్నా ఉందా?" అని అడిగాను. నెత్తి గోక్కుని, వెనక వీధిలో బొమ్మల కాలేజీ ఉందనీ, ఆదివారం అక్కడ ఎవరైనా వెళ్ళొచ్చనీ చెప్పాడు. వెళ్తే తలుపు మీద అట్ట వేలాడుతోంది, బొమ్మ గీయడానికి కూర్చునేవాళ్ళు కావాలని. వాళ్ళు మనకి బొమ్మలు చూపించరట, మనమే బొమ్మలం!

తెల్ల జుట్టు డ్రాయింగు మేడం బయటికొచ్చి "ఒకే కుటుంబమా? నలుగురా? రండి రండి" అని పెళ్ళివారిని పిలిచినట్టు పిలిచింది. హాలు మధ్యలో కుర్చీలు వేశారు. చుట్టూ పిల్లలు బల్లలేసుకుని కూర్చున్నారు. నేను దువ్వుకోకుండా ఫొటో కూడా దిగనని నీకు తెలుసు. అలాంటిది గాలికి రేగిన జుట్టుతో అందరి మధ్యా కూర్చున్నాను.

కూర్చోబోతుంటే పెద్దది ఆగింది. మూలకెళ్ళి ఇంకో కుర్చీ బరబరా ఈడ్చుకొచ్చి, తన పక్కన వేసింది. మేడం "ఇంకెవరన్నా వస్తున్నారామ్మా?" అంది. "మా అమ్మ. ఊళ్ళో లేదు. ఆ కుర్చీ కూడా గీయండి" అంది. అంతే. ఏడవలేదు, గొంతు కూడా మారలేదు. మీ ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. మేడం ఆ కుర్చీ కొంచెం వెలుగులోకి జరిపింది.

కదలకుండా కూర్చోవడం అంత కష్టమని తెలియదు. మీ ఆయన మాత్రం కూర్చున్న చోటే నిద్రపోయాడు. అందరికంటే బాగా కూర్చున్నది ఆయనే అని మెచ్చుకున్నారు. చిన్నోడు క్షణం నిలవలేదు. ఒక కుర్రవాడు విసుగెత్తి వాడికి నాలుగు చేతులూ ఆరు కాళ్ళూ గీశాడు. వాడు మురిసిపోయి ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాడు. నన్ను గీసిన అమ్మాయి కాగితం చూసి నేను బిత్తరపోయాను. "నేనింత కోపిష్టిదానిలా ఉంటానా?" అన్నాను. "కోపం కాదండీ, మీరు ఎవర్నో ఏదో అడగబోతున్నట్టున్నారు" అంది.

అందరి కాగితాల్లోనూ నీ కుర్చీ ఉంది. ఒక్కొక్కరు ఒక్కోలా గీశారు. ఒకాయన మమ్మల్నందరినీ గీతల్లో వదిలేసి, కుర్చీ ఒక్కటే పూర్తిగా గీశాడు. పెద్దది దాని ముందు చాలాసేపు నిలబడింది.

రేపు ఫోన్ చెయ్యి. స్నానం చేస్తోందని చెప్పను.

ప్రేమతో,
అత్తయ్య

⁂

అత్తయ్యా,

నిన్న గుట్ట ఎక్కి ఫోన్ చేశాను. అక్కడయితే సిగ్నల్ బాగుంటుంది, గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది. రింగవగానే అదే ఎత్తింది. "అమ్మా, కుర్చీ గీయడం మనిషిని గీయడం కంటే కష్టమట తెలుసా" అంది. అక్కణ్ణుంచి పది నిమిషాలు కుర్చీల గురించే మాట్లాడుకున్నాం. కాళ్ళ గురించి, నీడ గురించి. "నీకు చెప్పకుండా వచ్చాను, తప్పయింది" అన్నాను. "ఊఁ" అంది. "ఇంకెప్పుడన్నా వెళ్తే ముందు అడుగు" అంది. అడుగుతానన్నాను.

గుట్ట దిగుతుంటే మా వంటావిడ ఎదురొచ్చి, ఏమ్మా ఏడుస్తున్నారా అంది. గాలి అన్నాను.

ఆ దరీ ఈ దరీ కలవడానికి మా వంతెనకి ఇంకా చాలా ఉంది. మీరు మాత్రం ఒక ఒంటిపూటతో, ఒక ఆదివారంతో కలిపేశారు. మీకెలా చెప్పాలో తెలియక ఇలా రాశాను.

మీ అమ్మాయి

⁂

మంగళవారం

ప్రియమైన అమ్మాయికి,

ఆలస్యమైంది, ఏమనుకోకు. తీరిక దొరకట్లేదు. నవ్వకు, నిజంగానే.

ఈ రెండు నెలల్లో ఎక్కడెక్కడ తిరిగామో విను. వాతావరణ ఆఫీసు మన వీధి చివరే ఉందని నీకు తెలుసా? రోజూ సాయంత్రం వాళ్ళు డాబా మీద నుంచి ఇంత పెద్ద తెల్ల బుడగ వదులుతారు. గాలి ఎటు వీస్తోందో, పైన ఎంత చలిగా ఉందో అది చెబుతుందట. ముందు చెప్పి వెళ్తే మెట్లెక్కనిస్తారు. బుడగ దారం వదిలే ముందు చిన్నోడి చేత పట్టించారు. అది పైకి లాగుతుంటే వాడి అరుపు నీ వంతెన దాకా వినపడి ఉంటుంది. మరో ఆదివారం ఫైర్‌స్టేషనుకి వెళ్ళాం. ఉదయం పూట వాళ్ళు బండి కడుగుతారు, పిల్లలు సాయం చేస్తామంటే గొట్టం చేతికిస్తారు. బండికంటే మేం ఎక్కువ తడిశాం.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పలేదు. మీ ఆయన తనంతట తనే "ఈ ఆదివారం నేను తీసుకెళ్తాను" అన్నాడు! ఇరవై అంతస్తుల బ్యాంకు బిల్డింగులో లిఫ్టులు వీడే చూస్తాడట. మేనేజరుని అడిగి మమ్మల్ని అన్నిటికంటే పై గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ పెద్ద చక్రం, దాని మీద ఉక్కు తాళ్ళు. లిఫ్టు ఎక్కడ ఆగాలో, తాడు అరిగితే ఎలా తెలుసుకోవాలో వాడు చెబుతుంటే పెద్దది నోరు తెరుచుకుని వింది. "నాన్నా, నువ్వు చూడకపోతే వీళ్ళందరూ పడిపోతారా?" అన్నాడు చిన్నోడు. "పడిపోరు, ఆగిపోతారు" అన్నాడు వాడు. అలా అంటున్నప్పుడు ఎంత పొడుగ్గా నిలబడ్డాడో! కొడుకు చేసే పని ఎంత పెద్దదో కన్నతల్లికే ఇప్పుడు తెలిసింది.

బిల్డింగువాళ్ళకి కూడా ఈ గాలి సోకింది. మూడో అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ, కింద చెప్పుల షాపాయన పిల్లలు, రెండో అంతస్తు దర్జీ కుటుంబం, అందరూ ఆదివారం పొద్దున మెట్ల దగ్గర చేరి "ఇవాళ ఎక్కడికండీ?" అంటున్నారు. పదిమంది నా వెనక నడుస్తుంటే మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టుంది. మోకాళ్ళు కూడా దారికొచ్చాయి.

మధ్యలో ఓ రెండు రోజులు మా ఊరెళ్ళి వచ్చాను. పెన్షను పని.

ఉంటాను. దర్జీ గారి చిన్నమ్మాయి తలుపు కొడుతోంది.

అత్తయ్య

⁂

ప్రియమైన అత్తయ్యా,

మంచి వార్త. మొన్న మా పెద్ద ఇంజనీరుగారు పిలిచి, ఇంకో ఏడాది ఉండమన్నారు. హోదా కూడా పెంచుతామన్నారు. గుట్టెక్కి పెద్దదాన్ని అడిగాను, ఈసారి ముందే. "నీ ఇష్టం అమ్మా. నన్నడిగితే మాత్రం రమ్మంటాను" అంది. మీ అబ్బాయిని అడిగితే, "నువ్వు ఉంటానంటే నెట్టుకొస్తాను, వస్తానంటే ఎగిరి గంతేస్తాను" అన్నారు. నాకు కూడా రావాలనే ఉంది. ఆ బుడగ నేను చూడొద్దూ! దిమ్మలు పగలగొట్టే పని అక్కడి ఆఫీసులో కూడా ఉంది. ఉండనని చెప్పేశాను.

వచ్చే నెల చివరికి వచ్చేస్తాను. ఇన్నాళ్ళూ మా కోసం మీ ఇల్లు, మీ కుండీలు, మీ స్నేహితులు అన్నీ వదులుకుని ఉన్నారు. ఇక మీకు విశ్రాంతి. మీరు హాయిగా మీ ఇంటికి వెళ్ళొచ్చు. టికెట్టు నేనే తీస్తాను, కిటికీ పక్క సీటు.

మీ అమ్మాయి

⁂

శుక్రవారం

కోడలికి,

ఉత్తరం అందింది. సంతోషం. పిల్లలు బాగున్నారు. నీ గది సర్దిస్తాను. టికెట్టు తొందరేం లేదు.

అత్తయ్య

⁂

అత్తయ్యా,

మీ ఉత్తరం వెనక్కి తిప్పి చూశాను, అటువైపేమన్నా రాశారేమో అని. ఏమీ లేదు.

మీ అబ్బాయిని అడిగాను. "అమ్మ పోయిన ఆదివారం బయటికి రాలేదు, ఒంట్లో బాగాలేదంది. కానీ ఒంట్లో బాగానే ఉంది" అన్నారు. మెట్ల దగ్గర అందరూ చేరి వెనక్కెళ్ళిపోయారట.

నేను రాసిన దాంట్లో ఏదన్నా పొరపాటు మాట దొర్లిందా? "మీ ఇంటికి వెళ్ళొచ్చు" అన్నది పొమ్మన్నట్టుగా అనిపించిందా? అలా అనుకుంటే నన్ను చెంపదెబ్బ కొట్టండి, పడతాను. మీరు మళ్ళీ మూడు ముక్కలు రాసి ఊరుకుంటే మాత్రం పడను. మనకి ఇంతకాలానికి మాటలు వచ్చాయి. నాకు వాటిని పోగొట్టుకోవాలని లేదు.

అడుగుతున్నాను, చెప్పండి. ఏమైంది?

మీ
అమ్మాయి

⁂

ఆదివారం మధ్యాహ్నం

నా బంగారు తల్లికి,

నువ్వు అలా నిలదీసి అడిగాక ఇక దాచను.

నువ్వొస్తున్నావని చదివి ముందు ఎగిరి గంతేశాను. అది నిజం. పిల్లలతో కలిసి చప్పట్లు కొట్టాను. తర్వాత వంటింట్లోకెళ్ళి నిలబడితే, ఉన్నట్టుండి దిగులు కమ్ముకుంది. నువ్వు అన్నది పొమ్మన్నట్టు అనిపించలేదు. పొమ్మన్నా పోవడానికి నాకు చోటు లేదు, అదీ సంగతి. ఆ ఊళ్ళో నేనుండే వాటా ఖాళీ చేసేశాను.

పెన్షను పని అని వెళ్ళిన రెండు రోజులూ చేసింది అదే. మంచం, బల్ల అమ్మేశాను. కుండీలు కిందింటావిడకే ఇచ్చేశాను, అసలు వాటిని బతికించిందే ఆవిడ. తాళం ఇంటివాళ్ళ చేతిలో పెట్టి, బస్సెక్కి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను. ముందు చెప్పాలని మనవరాలి నీతులు వింటూ కూర్చుని, నేనూ అదే పని చేశాను చూడు!

ఎందుకు చేశానంటే, ఈ ఊరు నాకు నచ్చింది. అంతకంటే పెద్ద కారణం లేదు. "మనవళ్ళ కోసం ఉన్నాను" అని అందరితో చెప్పుకున్నాను, ఆ మాట చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి. పొద్దున్నే కిందకి దిగితే చెప్పుల షాపాయన పలకరిస్తాడు. మధ్యాహ్నాలు పేపరు చదవడానికి వెళ్ళే గ్రంథాలయంలో కిటికీ దగ్గర కుర్చీ నాదే అని అందరికీ తెలుసు. కోర్టు గార్డు "ఇవాళ మంచి కేసుంది రండమ్మా" అంటాడు. ఈ వయసులో నాకంటూ ఇన్ని చోట్లు దొరుకుతాయని ఎవరనుకున్నారు? నువ్వొస్తే నేనుండటానికి సాకు ఉండదే అని బెంగపడ్డాను. ఇంత ముసలిదాన్ని, చిన్నోడిలా అలిగి మంచమెక్కాను. సిగ్గుచేటు.

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. చదివి, వెంటనే లేచి, తల దువ్వుకుని, మీ ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. "ఇంతేనా అమ్మా! మాతోనే ఉండు, నిన్నెవరు పొమ్మన్నారు?" అన్నాడు. వద్దన్నాను. పక్క సందులో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన షాపు పైన ఒంటి గది ఉంది. మొన్ననే చూసుంచాను. ఒక్క అంతస్తే, మెట్లు కూడా తక్కువ. కిటికీలోంచి నాలుగు రోడ్ల కూడలి అంతా కనపడుతుంది. నా పెన్షనుకి సరిపోతుంది. ఇవాళ పొద్దున వెళ్ళి తాళం తెచ్చుకున్నాను. మీ ఆయన మొహం ముడుచుకుని "ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే వెళ్ళాలనుకున్నానురా అన్నాను. ఒకే వంటింట్లో ఇద్దరముంటే గరిటె ఎక్కడ పెట్టారనే దగ్గరే మన మాటలు ఆగిపోతాయి. నువ్వు నాకు చుట్టపు చూపుగా వచ్చి, నా గదిలో కాఫీ తాగి, మీ ఆఫీసు గొడవలు చెప్పాలి. నాకు అలాంటి కోడలు కావాలి. ఒప్పుకుంటావు కదూ?

పెద్దదానికి కూడా చెప్పాను. "నన్ను అడగాల్సింది నానమ్మా" అంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని. అచ్చం నీలాగే. తర్వాత గదికి ఏ రంగు కర్టెన్లు బాగుంటాయో అదే తేల్చింది. చిన్నోడికి మాత్రం ఒకటే సందేహం, అక్కడ పడుకోనిస్తానా లేదా అని. శనివారాలు పడుకోనిస్తానన్నాను.

ఇవాళ పొద్దున మెట్ల దగ్గర మళ్ళీ అందరం చేరాం. ఎక్కడికీ వెళ్ళలేదు. మీ ఆయన పని బండి తెచ్చాడు. దర్జీ గారు, డాక్టరమ్మ, పిల్లలందరూ తలా ఒకటి పట్టుకుని నా పెట్టె, పరుపు, కుర్చీ సందు దాటించారు. చెప్పుల షాపాయన గిన్నెలు మోశాడు. దారిన పోయేవాళ్ళు ఊరేగింపు అనుకుని ఆగి చూశారు. నా జీవితంలో ఇంత నవ్వుతూ ఇల్లు మారింది లేదు. ఈ ఉత్తరం కొత్త గదిలోంచే రాస్తున్నాను. కింద మిషను చప్పుడు వినపడుతోంది, బాగుంది.

నువ్వొచ్చేది ఆదివారమేనని విన్నాను. స్టేషనుకి నలుగురం వస్తాం. సామాను మీ ఆయన బండి మీద పంపించేద్దాం. మనం మాత్రం కారెక్కం. స్టేషను నుంచి ఇంటికి ఎటునుంచి నడిపించాలో పెద్దది వారం నుంచి ఆలోచిస్తోంది, రోజుకో మలుపు కలుపుతోంది. అరగంట దారి ఇప్పటికి పూటంతా అయింది. నీకు ఊరు చూపించడం దాని పని, నీ పక్కన నడవడం నా పని.

చెప్పులు మాత్రం నడవడానికి వీలైనవి వేసుకుని దిగు.

నీ కోసం చూస్తూ,
అత్తయ్య